కారుకో లైసెన్స్, బైక్‌కో లైసెన్స్: పరిహారం పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 46 ఏళ్లు. 2004 ఆగస్టులో ఇక్కడ బైక్ లైసెన్స్ తీసుకున్నాను. 2013లో బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడ కారు లైసెన్స్ విడిగా తీసుకున్నాను. పాత లైసెన్స్ సంగతి అప్పుడు చెప్పలేదు. 2025 అక్టోబరు 9న సూర్యాపేట దగ్గర హైవే మీద బైక్‌పై వెళ్తుంటే ఒక కారు వెనక నుంచి గుద్దింది. కాలు రెండు చోట్ల విరిగింది. నా బైక్ లైసెన్స్ 2024 ఆగస్టులోనే తీరిపోయిందని తర్వాత చూసుకున్నాను. కారు బీమా తరఫున వచ్చినాయన ‘లైసెన్స్ లేనివాడికి పరిహారం రాదు, ఎనభై వేలు తీసుకుని సంతకం పెట్టు’ అంటున్నాడు. మా బామ్మర్ది తానే బండి నడిపానని, నేను వెనక కూర్చున్నానని చెబుతానంటున్నాడు. ఐదు నెలలుగా నిద్ర లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా మీ లైసెన్సుల గురించే ఉంది. గుద్దిన కారు నడిపినవాడి మీద పోలీసులు ఛార్జిషీటు వేశారో లేదో ఒక్క ముక్క లేదు. కేసును తేల్చేది అదీ, పిటిషన్ వేసే తారీఖూ. మీ జేబులో ఎన్ని కార్డులున్నాయన్నది కాదు.

వెనక నుంచి వచ్చి గుద్దినవాడి నిర్లక్ష్యానికి మీరు పరిహారం అడుగుతున్నారు. మీకు లైసెన్స్ లేనంత మాత్రాన తప్పు మీదైపోదు. సుధీర్ కుమార్ రాణా కేసులో 2008లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఆ కేసులో రెండు చక్రాల బండి నడిపింది లైసెన్స్ లేని మైనర్. మీ నడపడం వల్లే ప్రమాదం జరిగిందని అవతలివాళ్లు రుజువు చేస్తేనే పరిహారంలో కోత పడుతుంది. వెనక నుంచి తగిలిన దెబ్బకు ఆ రుజువు తేవడం వాళ్లకు అంత సులువు కాదు. లైసెన్స్ లేకుండా బండి నడిపినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 181 కింద మీ మీద కేసు పెట్టొచ్చు. అందులో జరిమానా ఐదు వేలు, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. కానీ అది మీకూ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. కారు బీమా కంపెనీ దాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోలేదు.

అసలు టెన్షన్ పడాల్సింది గడువు గురించి. 2022 ఏప్రిల్ 1 నుంచి అదే చట్టం సెక్షన్ 166(3) కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలి. మీ గడువు 2026 ఏప్రిల్ 9తో ముగిసిపోతోంది. ఈ నిబంధన చెల్లుబాటు మీద సుప్రీంకోర్టుకు సవాలు వెళ్లిన మాట నిజమే, అది మనకు కలిసొస్తుందన్న ఆశతో కూర్చోకండి. లేని భయంతో ఐదు నెలలు పోగొట్టుకున్నారు, నాకు కోపం వస్తున్నది అందుకే. పిటిషన్ వేయడానికి సూర్యాపేట వెళ్లక్కర్లేదు. మీరుండే గుంటూరులోనే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు వేయొచ్చు. కారు డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. బైక్‌కు అయిన నష్టం కూడా అందులోనే అడగండి.

ఎనభై వేల కాగితం మీద సంతకం పెట్టొద్దు. కాలు ఎంత శాతం పనికిరాకుండా పోయిందో మెడికల్ బోర్డు ఇంకా చెప్పలేదు, అప్పుడే బేరమేమిటి?

మీ బామ్మర్ది మాట అసలు వినొద్దు. ఎఫ్ఐఆర్‌లోనూ, ఆస్పత్రి మెడికో-లీగల్ రిజిస్టర్‌లోనూ బండి నడిపింది మీరేనని ఉండి ఉంటుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్నకే ఆయన చిక్కుతాడు. తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. నిలబడే కేసు ఆ ఒక్క అబద్ధంతో కూలిపోతుంది. కారు లైసెన్స్‌లో పాత తేదీతో బైక్ క్లాస్ (బైక్ నడిపే అనుమతి) ఎక్కిస్తామనే బ్రోకర్లకూ దూరంగా ఉండండి. ఇప్పుడు రెన్యువల్ చేయించినా ప్రమాదం నాటికి అది వర్తించదు.

ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, స్పాట్ పంచనామా, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, జీతం స్లిప్పులు ఈ వారంలోనే సేకరించండి. ఛార్జిషీటు ఇంకా రాకపోయినా పిటిషన్ ఆపకండి, దాన్ని తర్వాత దాఖలు చేయొచ్చు.

మీ సొంత బైక్ పాలసీ సంగతి వేరు. రిపేరు ఖర్చుకైనా, ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమాకైనా ప్రమాదం రోజున చెల్లే లైసెన్స్ ఉండాలి. అక్కడ మీకు దక్కేది దాదాపు లేదు. ‘కారు లైసెన్స్ ఉంటే బైక్ నడపొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. 2024 నవంబరు తీర్పు 7,500 కిలోల లోపు రవాణా వాహనాల గురించి. తేలికపాటి మోటారు వాహనం నిర్వచనంలో మోటార్ సైకిల్ లేదు.

ఇక రెండు కార్డులు. చెల్లే లైసెన్స్ చేతిలో ఉండగా మరొకటి ఉంచుకోకూడదని సెక్షన్ 6 చెబుతోంది. 2013లో మీరు చేయాల్సింది పాతదానికే సెక్షన్ 11 కింద కారు క్లాస్ చేర్పించుకోవడం. దాచిపెట్టి తీసుకున్న లైసెన్స్‌ను సెక్షన్ 19 కింద రద్దు చేసే అధికారం రవాణా శాఖకు ఉంది. ముందు రెండు లైసెన్సుల ఎక్స్‌ట్రాక్టులూ (రవాణా శాఖ ఇచ్చే రికార్డు నకళ్లు) తీసుకుని లాయరు దగ్గర పెట్టండి. తర్వాత ఉన్నది ఉన్నట్టు రాసి బైక్ కార్డు సరెండర్ చేయండి. అది తీరి ఏడాది దాటింది కాబట్టి టెస్ట్ లేకుండా ఎలాగూ రెన్యువల్ కాదు. కాలు బాగయ్యాక కారు లైసెన్స్‌కే బైక్ క్లాస్ చేర్చమని లెర్నర్‌కు దరఖాస్తు పెట్టుకుని, నెల ఆగి టెస్ట్‌కు వెళ్లండి. అప్పటిదాకా బైక్ తాళం ఇంట్లోవాళ్ల చేతికిచ్చేయండి.