బక్కచిక్కిన గుర్రం దొరికితే ముందు ఏం పెట్టాలి?

విశాఖ ఆర్కే బీచ్‌లో సవారీలు తిప్పి, పక్కటెముకలు తేలాక వదిలేసిన గుర్రాన్ని చూస్తే ఎవరికైనా ఉలవలు, దాణా పెట్టాలనిపిస్తుంది. అదే దాని ప్రాణం మీదికి తెస్తుంది. పిండిపదార్థంతో ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, మెగ్నీషియం కణాల్లోకి పోతాయి. రక్తంలో అవి తగ్గిపోయి, మేత మొదలెట్టిన 3–5 రోజుల్లో గుండె ఆగిపోవచ్చు.

450 కిలోల గుర్రానికి మొదటి 3 రోజులూ నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రయినా సరే, అరకిలోకి కాస్త తక్కువగా ఎండు లూసర్న్ (అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం) గడ్డి పెట్టండి. పొట్టిదైతే ఆ లెక్కన తగ్గించాలి. ఆరో రోజుకి మెల్లగా ఎనిమిది గంటలకోసారి రెండు కిలోలకు చేర్చండి. తొట్టిలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి, విశాఖ ఉక్కలో మరీను.

జీను పుండ్లను సెలైన్‌తో కడిగి ఈగలు వాలకుండా చూడండి. కిరోసిన్ జోలికి పోవద్దు. నులిపురుగుల మందు డాక్టరు చూశాకే. ఒళ్లు పట్టడానికి 3–5 నెలలు పడుతుంది, అందాకా సవారీ మాటే వద్దు.