బడుల్లో తరగతులు మారుస్తుంటే పంచాయతీ ఏం చేయగలదు?

"జాతీయ విద్యా విధానం పేరుతో మా ఊరి బడిలో తరగతుల్ని అటూ ఇటూ మారుస్తున్నారు. ఇందులో పంచాయతీ మాట చెల్లుతుందా, చూస్తూ కూర్చోవాల్సిందేనా?" అని ఒకరు అడిగారు. 2021 ఎన్నికల్లో గెలిచి వార్డు మెంబరుగా పనిచేశాను. నాకు తెలిసింది ఆంధ్రప్రదేశ్ సంగతి, అదే చెప్తాను.

ముందు చేతిలో లేనివి. టీచర్ల బదిలీలు, పోస్టులు, సిలబస్, మీడియం... వీటిలో పంచాయతీని ఎవరూ అడగరు. ప్రాథమిక, మాధ్యమిక విద్య రాజ్యాంగం 11వ షెడ్యూలులో ఉంది. అయినా ఆ అధికారం ఊరిదాకా దిగిరాలేదు. సర్పంచి గట్టివాడైతే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో కుర్చీ వేస్తారు, అంతే.

చేతిలో ఉన్నవాటిని మాత్రం మనమే వాడుకోం. విద్యాహక్కు చట్టం, 2009లో సెక్షన్ 9 ఒకసారి చదవండి. దగ్గర్లో బడి ఉండేలా చూడటం, 14 ఏళ్లలోపు పిల్లల వివరాలు రాసి ఉంచడం, వలస వచ్చినవాళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం స్థానిక సంస్థల బాధ్యత అని స్పష్టంగా ఉంది. అధికారుల ముందు మాట్లాడేటప్పుడు ఈ సెక్షన్ నంబరు చెప్తే వినే తీరు మారడం నేను చూశాను.

2022లో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, 117 జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతుల్ని అందులో కలపాలన్నారు. జాతీయ విధానంలో ఈ మూడు తరగతులు ప్రిపరేటరీ దశ. వాటిని హైస్కూలుకు పంపమని అందులో ఎక్కడా లేదు, అది రాష్ట్రం తీసుకున్న నిర్ణయం. కాబట్టి ఢిల్లీని తిట్టుకుంటూ కూర్చుంటే పని జరగదు, అడగాల్సింది జిల్లాలో, రాష్ట్రంలో.

మా ఊరి బడి నుంచి హైస్కూలు మ్యాప్‌లో కిలోమీటరు లోపే. పిల్లలు నడిచే దారి వేరు. కాలువ కట్ట మీదుగా పోయి, లారీలు తిరిగే రోడ్డు దాటాలి. తల్లులు కోపంగా పంచాయతీ ఆఫీసుకు వచ్చారు. కొందరు సభ్యులు "విలీనాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం" అని తీర్మానం రాయబోయారు. మా కార్యదర్శి చాలా మంది అధికారులను చూసిన మనిషి. "ఖండిస్తే ఫైల్లో పెట్టి మర్చిపోతారండీ, కొలిచి రాయండి" అన్నాడు. కొలిచాం. నడిచే దారి పొడవు, రోడ్డు దాటే చోటు ఫొటో, తరగతివారీగా పిల్లల సంఖ్య, వాళ్లలో 1, 2 తరగతుల తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంటబెట్టుకొచ్చేవాళ్లెందరు, హైస్కూల్లో ఖాళీ గదులున్నాయా అన్నీ రాసి తీర్మానానికి జతచేశాం. హెచ్‌ఎం చేత మాత్రం సంతకం పెట్టించకండి. పాపం, ఆవిడ ఉద్యోగి, ఇబ్బంది పడేది ఆవిడే.

ఆ ఏడు మా బడి జోలికి రాలేదు. తీర్మానం పనిచేసిందా, ఎమ్మెల్యే ఫోను పనిచేసిందా అంటే రెండూ వెళ్లాయి మరి! పక్క ఊళ్లో కలిపేశారు, అక్కడి పిల్లలు కొందరు ప్రైవేటు స్కూలు బస్సెక్కారు. 2025లో ఆ జీవోనే వెనక్కి తీసుకున్నారు. 3, 4, 5 తరగతులు మళ్లీ ప్రాథమిక బడులకు వచ్చాయి. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లంటూ ఇంకో సర్దుబాటు మొదలైంది.

ఆ సర్దుబాట్లలో పాఠశాల యాజమాన్య కమిటీ అభిప్రాయం అడిగారు. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. స్థానిక ప్రజాప్రతినిధికీ చోటుంటుంది. ఆ చోటు ఖాళీగా వదలకండి. పంచాయతీ తీర్మానం, కమిటీ తీర్మానం ఒకే మాట చెప్పేలా చూసుకోండి. రెండూ రెండు రకాలుగా ఉంటే దేన్నీ పట్టించుకోరు.

టీచరు పోస్టులు పిల్లల సంఖ్యను బట్టే వస్తాయి. అందుకే పిల్లల జాబితా పంచాయతీ దగ్గర ఉండటం ముఖ్యం. అంగన్‌వాడీ టీచరు దగ్గర అయిదేళ్లు నిండబోయే పిల్లల పేర్లుంటాయి. వేసవిలో ఆమెతో కలిసి ఆ ఇళ్లకు వెళ్లండి. ప్రైవేటుకు పంపాలనుకునే తల్లులు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే: బాత్రూముల్లో నీళ్లొస్తాయా, తరగతికో టీచరున్నారా? రెండోది మన చేతిలో లేదు. మొదటిది పూర్తిగా మన పనే. మా హయాంలో కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. అందులోంచే బడికి మోటారు, పైపులైను వేయించాం. పంచాయతీ ఏడాది ప్రణాళికలో ముందే రాయించకపోతే మాత్రం డబ్బుండీ ఖర్చు పెట్టలేరు.

ఏ అర్జీ అయినా వేసవి బదిలీలు మొదలుకాకముందే ఇవ్వండి. ఎంఈవోకు, డీఈవోకు (జిల్లా విద్యాధికారి) చెరో కాపీ ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. పోస్టుల జాబితా ఖరారయ్యాక ఎంత మంచి కారణం చూపించినా "వచ్చే ఏడాది చూద్దాం" అనేస్తారు.