ముందు ఆ సమాధుల సంగతి చెప్పు

అమ్మలూ,

ఆశీస్సులు. మీ టౌన్‌లో క్రిస్మస్ సంధి స్మారక సభ బాధ్యత నీ మీద పెట్టారని తెలిసి చాలా సంతోషం వేసింది. ఇంగ్లండ్‌లో ఇలాంటి కమిటీల్లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కదా, అందుకే నీ ప్లాన్ ఒకటికి రెండుసార్లు చదివాను. పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్, క్యారల్స్, కేకు, మేయర్ ప్రసంగం. అన్నీ ఉన్నాయి గానీ, అసలు సంగతి మాత్రం కనబడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 క్రిస్మస్‌నాడు బెల్జియం, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర బ్రిటిష్, జర్మన్ సైనికులు తమంతట తామే కాల్పులు ఆపి కందకాల్లోంచి బయటికొచ్చారు. క్రిస్మస్ సంధి అంటే అదే. చాలాచోట్ల వాళ్లు ముందుగా పెట్టుకున్న పని, చనిపోయినవాళ్లను పూడ్చడం. రెండు కందకాల మధ్య నేలలో శవాలు రోజుల తరబడి పడి ఉన్నాయి. తీసుకురావడానికి వెళ్తే తుపాకీ గుండే సమాధానం. ఫ్రాన్స్‌లోని ఫ్లర్‌బే దగ్గర వారం కిందటి దాడిలో పడిపోయినవాళ్లకు ఇరుపక్షాలవాళ్లూ కలిసి గోతులు తవ్వారు. గోర్డన్ హైలాండర్స్ అనే బ్రిటిష్ దళం చాప్లిన్, అంటే సైనికుల పాస్టరు, ప్రార్థన జరిపించాడు. 23వ కీర్తన, మన ఊళ్లలో చర్చికి వెళ్లనివాళ్లకు కూడా తెలిసిన ఆ ‘యెహోవా నా కాపరి’, ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ చదివారు. ఒకవైపు వీళ్లు, ఒకవైపు వాళ్లు, టోపీలు తీసి నిలబడ్డారు. నీ సభకు గుండెకాయ ఇదే కావాలి. ఆ కీర్తనను రెండు భాషల్లో చదివించు. మిగతావన్నీ దాని చుట్టూ పేర్చుకో.

ఇక ఫుట్‌బాల్. జనం దాని కోసమే వస్తారని మీ కమిటీవాళ్లు అన్నారట. నిజమే, వస్తారు. పిల్లలు ఆడుకోవడం నాకూ ఇష్టమే. కానీ మైకు పట్టుకున్న మనిషికి ముందే గట్టిగా చెప్పు: స్కోరుతో సహా పెద్ద మ్యాచ్ జరిగినట్టు ప్రకటించొద్దని. బంతి ఆడినట్టు కొందరి ఉత్తరాల్లో ఉంది. కుర్ట్ జేమిష్ అనే జర్మన్ సైన్యపు సాక్సన్ అధికారి డైరీలోనూ ఉంది. అయితే అది పద్ధతి ప్రకారం జరిగిన మ్యాచా, అక్కడక్కడా సరదాగా తన్నుకున్న బంతా అన్నదాని మీద చరిత్రకారులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అంతవరకే చెప్పండి, చాలు. ఇంకో మాట, ఇంగ్లండ్ జెర్సీ, జర్మనీ జెర్సీ అని రెండు జట్లు చెయ్యకు. పిల్లల్ని కలిపేసి చీటీలు తీయించు. సంధిని గుర్తుచేసుకునే రోజున ఎవరో ఒకరు ఓడి ఏడుస్తూ ఇంటికి పోవడం నాకు నచ్చదు.

ప్రసంగాలు తగ్గించి ఉత్తరాలు చదివించు. ఇందులో నీకో అదృష్టం ఉంది. ఆ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను కుటుంబాలవాళ్లు స్థానిక పత్రికలకు ఇచ్చారు, 1915 జనవరిలో అవి చాలా ఊళ్ల పత్రికల్లో అచ్చయ్యాయి. జనవరి 8న డైలీ మిర్రర్ మొదటి పేజీలోనే ఇరుపక్షాల సైనికులు కలిసి నిలబడ్డ ఫోటో వేసింది. మీ కౌంటీ లైబ్రరీకి వెళ్లి ఆ నెల పాత పత్రికలు అడుగు. మీ వీధి పేరున్న ఉత్తరం ఒక్కటి దొరికినా, హాల్లో ఒక్కరు కూడా ఫోన్ వంక చూడరు. చదవడానికి నటుల్ని పెట్టకు, ఆ సైనికుల వయసు కుర్రాళ్లను పెట్టు. ఒక జర్మన్ ఉత్తరం కూడా తప్పకుండా ఉండాలి, దాన్ని జర్మన్ మనిషే చదవాలి.

పాట విషయం. జర్మన్లు కందకాల గట్ల మీద కొవ్వొత్తులు గుచ్చిన చిన్న చిన్న క్రిస్మస్ చెట్లు పెట్టి పాటలు పాడారని ఎంతోమంది రాశారు. కాబట్టి ‘సైలెంట్ నైట్’ అనే క్రిస్మస్ పాటను ముందు జర్మన్‌లోనే ఎత్తుకోవాలి. ఒక్క గొంతు, మైకు లేకుండా, హాలు వెనకనుంచి. తర్వాత ఇంగ్లీషులో అందరూ అందుకోవచ్చు. దీనికి రిహార్సల్ కావాలి, ఆ రోజు చూసుకుందాంలే అనుకుంటే తేలిపోతుంది.

ఎవరైనా అరువిస్తే ప్రిన్సెస్ మేరీ డబ్బా ఒకటి సంపాదించు, ఆ క్రిస్మస్‌కు బ్రిటిష్ రాకుమారి పేరున సైనికులకు పంపిన కానుక అది. అరచేతిలో పట్టే ఇత్తడి పెట్టె, మూత మీద రాకుమారి ముఖం, కింద ‘క్రిస్మస్ 1914’ అని అక్షరాలు. లోపల పొగాకు, సిగరెట్లు, గ్రీటింగ్ కార్డు, రాకుమారి ఫోటో వచ్చేవి. భారతీయ సైనికుల్లో కొందరికి పొగాకు బదులు కలకండ, మసాలాలు పెట్టారు. అద్దాల పెట్టెలో పెట్టి తాళం వెయ్యకుండా, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి పిల్లల చేతికివ్వు. ఆ మూత అంచు అరిగిపోయి ఉంటుంది, వేలితో తడిమి చూడనివ్వు.

మన సైనికుల మాట మర్చిపోకు. భారతీయ సేనలు 1914 శరదృతువులోనే ఫ్రాన్స్ ఓడరేవు మార్సేలో దిగాయి. క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందే జివాన్షీలో ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ చలిలో కందకాల్లో ఉన్న గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు కూడా క్రిస్మస్‌నాడు జర్మన్లతో కలిశారు. హిమాలయాల పల్లెల నుంచి వచ్చిన హిందువులు, అది వాళ్ల పండగ కూడా కాదు. ఫ్రాన్స్‌లోని నవ్-షాపెల్‌లో 1927లో ఆవిష్కరించిన భారతీయ స్మారకం మీద 4,700కు పైగా పేర్లున్నాయి. దాని ఫోటో ఒకటి పెద్దగా పెట్టు. మీ తెలుగు సంఘంవాళ్లు మనవాళ్లెవరైనా అందులో ఉన్నారా అని తప్పకుండా అడుగుతారు. మన దక్షిణాదివాళ్లుండే మద్రాస్ సాపర్లు అనే ఇంజనీరు దళంవాళ్లు ఎక్కువగా మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వైపు వెళ్లారని చెప్పు. లేని తెలుగువాణ్ణి ఆ రాత్రి అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టొద్దు.

అందరూ దాటవేసేది తర్వాతి రోజు. ఫ్రాన్స్‌లోని ఫ్రెలింగియాన్ దగ్గర రాయల్ వెల్ష్ ఫ్యుసిలియర్స్ అనే బ్రిటిష్ దళం కెప్టెన్ స్టాక్‌వెల్ 26వ తేదీ ఉదయం గాల్లోకి మూడుసార్లు కాల్చి, ‘మెర్రీ క్రిస్మస్’ అని రాసిన గుడ్డ ఎత్తాడు. అవతలివాళ్లు ‘థాంక్ యూ’ అని రాసిన దుప్పటి చూపించారు. ఇద్దరు కెప్టెన్లూ తమ కందకాల గట్టు మీదికెక్కి సెల్యూట్ చేసుకుని కిందికి దిగారు. జర్మన్ కెప్టెన్ రెండుసార్లు కాల్చాడు, యుద్ధం మళ్లీ మొదలైంది. ఇది చెప్పకుండా సభ ముగించకు. ఆ పండగ రోజున కూడా చాలాచోట్ల కాల్పులు ఆగలేదు, మనుషులు చనిపోయారు. యుద్ధంలో పోయినవాళ్ల సమాధులను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో మరణించిన తేదీతో వెతకొచ్చు. 1914 డిసెంబర్ 25 కొట్టు, మీ ప్రాంతంవాళ్ల పేర్లు దొరికితే చదివించు. తర్వాతి ఏడాది ఇలాంటిది జరక్కుండా పైఅధికారులు గట్టి ఆజ్ఞలు వేశారు. అయినా 1915 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని నవీల్-సాంవాస్ట్ దగ్గర వాననీళ్లకు కందకాలు మునిగి ఫ్రెంచ్, జర్మన్ సైనికులు బయటికొచ్చి చేతులు కలిపారు. అక్కడున్న లూయీ బార్తా అనే ఫ్రెంచ్ సైనికుడు, సైన్యంలోకి రాకముందు పీపాలు చేసే కార్మికుడు, ఇక్కడెప్పుడైనా స్మారకం కడతారేమో అని రాసుకున్నాడు. 2015లో కట్టారు.

కొన్ని చిన్న విషయాలు. ఉత్తుత్తి కాల్పులు, బాంబుల సౌండ్ ఎఫెక్టులు వద్దే వద్దు. మీ ఊళ్లో యుక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబాలున్నాయన్నావు, వాళ్లను ముందే కలిసి కార్యక్రమం వివరించు, రాలేమంటే బలవంతపెట్టకు. జెండాలు పెడితే అన్నీ ఒకే సైజు. బయట నిలబెట్టేది అరగంట మించకూడదు, ముసలివాళ్లకు కుర్చీలు, అందరికీ వేడి టీ. యుద్ధ స్మారక దినం నవంబర్ 11 దాకా మాజీ సైనికుల సంఘంవాళ్లకు ఊపిరాడదు, కాబట్టి ఆహ్వానాలు అక్టోబర్‌లోనే పంపేయి. టెన్షన్ పడకు, నీకు చేతనవుతుంది.

కీర్తన జర్మన్‌లో చదివే మనిషి దొరక్కపోతే ఫోన్ చెయ్యి. మా వీధిలో డ్రెస్డెన్ నుంచి వచ్చినావిడ ఉంది, నేను మాట్లాడి పెడతాను. రైలు టికెట్ మాత్రం మీ కమిటీ ఇవ్వాలి.

మీ పెద్దమ్మ