నాలుగో బోరా, చీటీనా? రెండూ వద్దు అన్నా

కళ్యాణదుర్గం వైపు నుంచి 44 ఏళ్ల రైతు ఒకాయన రాశారు. నాలుగున్నర ఎకరాల ఎర్రనేల, వేసేది వేరుశనగ. వేసిన మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి, మూడోదాంట్లో ఇంచున్నర నీళ్లు. బ్యాంకులో పంట రుణం 1.4 లక్షలు, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది 80 వేలు. పొట్టేళ్లు అమ్మగా, ఇంట్లో దాచింది కలిపి చేతిలో 2.6 లక్షలున్నాయి. భార్య నగలు 6 తులాలు కుదువపెట్టి 800 అడుగుల దాకా ఇంకో బోరు వేద్దామని ఈయన, కాదు బెంగళూరులో చీటీ కడదామని బావమరిది.

అన్నా, బోరు సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. మా నాన్న అయిదు వేశాడు. రాత్రి రిగ్గు తిరుగుతుంటే మేమంతా దుమ్ము రంగు చూస్తూ కూర్చునేవాళ్లం, తడి తగిలితే ముద్ద కడుతుందని. 600 అడుగులు దాటినా గోధుమపిండిలా తెల్లగా నెత్తిమీద పడుతూనే ఉండేది, "ఇంకో యాభై అడుగులు" అని ఎవరో ఒకరు అంటూనే ఉండేవాళ్లు. అడుగుకింత అని లెక్క కట్టేవాడికి ఆపాలని ఎందుకుంటుంది చెప్పండి. నీళ్లు పడితే పెట్టుబడి, పడకపోతే అప్పు. ఆ అప్పుకి ఇంట్లోవాళ్ల నగలు అడ్డం పెట్టకండి.

ముందు ఆ 80 వేలు తీర్చేయండి. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మీరు కట్టే వడ్డీ 19,200. అంత రాబడి ఏ డిపాజిట్టూ ఇవ్వదు, బావమరిది చెప్పే చీటీ కూడా ఇవ్వదు.

ఇక పంట రుణం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. 1.4 లక్షల మీద ఆ తేడా ఏడాదికి 4,200. చాలామంది రెన్యువల్ చేయించే, అంటే పాత రుణం కట్టి మళ్లీ తీసుకునే, ఆ రెండు మూడు రోజుల కోసం కూడా బయట వడ్డీకి తెస్తారు, ఆ ఖర్చు ఎవరూ లెక్కలో రాసుకోరు. 80 వేలు తీర్చాక మీ దగ్గర 1.8 లక్షలు మిగులుతాయి కాబట్టి రెన్యువల్ ఎన్ని రోజుల్లో అవుతుందో మేనేజర్ని ముందే అడిగి, మీ డబ్బే కట్టి మళ్లీ తీసుకోండి.

అందులో లక్ష పక్కన పెట్టాలి. ఇది కరువు ఏడాది డబ్బు. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే సమయంలో వాన మొహం చాటేస్తే మీరు మళ్లీ రెండు రూపాయల వడ్డీ ఇంటి గడప తొక్కకుండా ఆపేది ఇదొక్కటే. ఒకే డిపాజిట్టుగా వేయొద్దు, 25 వేల చొప్పున నాలుగు వేయండి, అవసరమొస్తే ఒకటి తెంచుకుంటారు, మిగతా మూడు అలాగే ఉంటాయి. వదిన పేరు మీద వేస్తే ఇంకా మంచిది, మీరు రిగ్గు వాడికి ఫోన్ చేసే ముందు ఆమెని అడగాల్సి వస్తుంది!

ఉపాధి హామీలో తవ్విన నీటి కుంట పూడిపోయిందని ఉత్తరం చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు. నాకైతే మొత్తం ఉత్తరంలో అసలు సంగతి అదే. ఓ 15 వేలు పెట్టి పూడిక తీయించండి, నిండితే ఎండిపోయే పైరుకి ఒకటి రెండు తడులకి ఆదుకుంటుంది. ఉన్న ఇంచున్నర నీళ్లకి డ్రిప్పు పెట్టండి, మీలాంటి చిన్న రైతుకి రాయితీ 90 శాతం వరకు ఉంటుంది, రైతు సేవా కేంద్రంలో అడగండి. వేరుశనగలో కంది సాళ్లు మానేశారా? మానొద్దు. దాని వేరు లోతుకి పోతుంది, వేరుశనగ కాయ దెబ్బతిన్న ఏడాది కూడా వెనక వానలకి కంది నాలుగు గింజలిస్తుంది.

మిగిలేది 65 వేలు. డ్రిప్పుకి మీ వాటా పోను మిగిలినదాంతో మళ్లీ నాలుగైదు జీవాలు కొనుక్కోండి, మొత్తం అమ్మేసి తప్పు చేశారు.

బీమా విషయం. ఖరీఫ్‌లో వేరుశనగకి రైతు వాటా ప్రీమియం బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. 2020 నుంచి రుణం తీసుకున్నవాళ్లకి కూడా ఇది ఐచ్ఛికమే, కాబట్టి బ్యాంకు కట్టేసి ఉంటుందిలే అనుకోకుండా పాస్‌బుక్‌లో చూసుకోండి, ఏ చేలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు కూడా. అలాగని దీని మీదే ఆశ పెట్టుకోకండి, నష్టం సాధారణంగా మీ ఒక్క చేను చూసి కాదు, ప్రాంతం మొత్తం మీద లెక్క కడతారు. మీ ఇద్దరికీ ఏడాదికి తలా 456 రూపాయలతో ప్రమాద బీమా (20), జీవిత బీమా (436) బ్యాంకులోనే చేయించండి.

చీటీ జోలికి మాత్రం పోవద్దు. నెలనెలా కట్టడానికి మీకు నెల జీతం రాదు కదా.

రెండేళ్ల తర్వాత కూడా బోరు మీదే మనసుంటే అప్పుడు వేయండి, కొబ్బరికాయతో కాకుండా భూగర్భ జల శాఖ వాళ్లతో పాయింటు చూపించి, బోరు వేయడానికి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకుని. ఎన్ని అడుగులకి ఆపాలో మాత్రం రిగ్గు రాకముందే వదినతో కలిసి కాగితం మీద రాసుకోండి.