అల్లుడూ, ఆ ప్లాన్ పిల్లలది కాదురా

ఒరేయ్ అల్లుడూ, నువ్వు పరుగు నేర్పే పిల్లల కోసమని వాట్సాప్‌లో పంపిన ట్రైనింగ్ ప్లాన్ చూశా. బానే రాశావు కానీ అది నీకూ నీ ఫ్రెండ్స్‌కీ పనికొచ్చేదిరా, పదీ పదమూడేళ్ల పిల్లలకి కాదు. పెద్దోళ్ల ప్లాన్ తీసుకుని రౌండ్లు సగానికి కోసేస్తే పిల్లల ప్లాన్ అయిపోదు. పీఈటీగా చేరిన కొత్తల్లో నేనూ ఇదే చేశాను, ఐదో క్లాసు పిల్లల్ని పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్రౌండ్ చుట్టూ తిప్పితే ఒకడు కళ్లు తిరిగి కూలబడ్డాడు, వాడికి బెల్లం నీళ్లు తాగిస్తుంటే నా చేతులు వణికాయి.

అసలు సంగతేంటంటే, పరిగెత్తేటప్పుడు ఒంట్లో ముఖ్యంగా కాలేది రెండు, ఒకటి కొవ్వు, రెండోది గ్లైకోజెన్, అంటే తిన్న అన్నం కండల్లో, లివర్‌లో దాచుకున్న స్టాకు. పెద్దోడు స్పీడ్ పెంచగానే గ్లైకోజెన్ మీద పడతాడు. పిల్లాడికి కండల్లో ఆ స్టాకే తక్కువ, ఉన్నదాన్ని గబగబా కాల్చే ఎంజైములు ఇంకా తక్కువ, అందుకే అదే లెవెల్ కష్టానికి వాడు కొవ్వు నుంచి ఎక్కువ వాటా లాక్కుంటాడు. 1970ల మొదట్లో స్వీడన్‌లో ఎరిక్సన్ అనే డాక్టర్ 11-13 ఏళ్ల మగపిల్లల తొడ కండలోంచి సూదితో చిన్న ముక్క తీసి మరీ ఈ సంగతి చూశాడు. ఇప్పుడు అలా చేస్తానంటే ఏ తల్లి ఊరుకుంటుంది చెప్పు.

నువ్వు రాసిన 400 మీటర్లు ఫుల్ స్పీడ్ ఉంది చూడు, దానికి కావాల్సిందే వాళ్ల దగ్గర తక్కువ, మధ్యలో చతికిలబడితే బద్ధకం అని తిట్టకు. అదే 30 మీటర్లు, 40 మీటర్లు పెట్టు, కండల్లో లాక్టేట్, అంటే గ్లైకోజెన్ గబగబా కాలినప్పుడు తయారయ్యేది, పెద్దగా పేరుకోదు కాబట్టి నువ్వు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుండగానే వాళ్లు మళ్లీ లైన్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటారు. మూడేసి నిమిషాల రెస్ట్ దండగ, ఒక్క నిమిషం చాలు. నన్నడిగితే ఖోఖో ఆడించు, అందులో అన్నీ ఉన్నాయి.

తిండి సంగతి. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న పిల్లాడు ఐదింటికి గ్రౌండ్‌కొస్తే కడుపులో ఏముంటుంది, ఒక అరటిపండో పల్లీ చిక్కీనో తినకుండా రావద్దని చెప్పు. ముప్పావుగంట ఆటకి మంచినీళ్లు చాలు. గంట దాటి ఆపకుండా ఆడితే మాత్రం మధ్యమధ్యలో పంచదార, చిటికెడు ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు ఇవ్వు. కెనడాలో బార్-ఓర్ అనే ఆయన టీమ్ మగపిల్లల్నీ మగవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే, తాగిన చక్కెరని అప్పటికప్పుడు వాడుకోవడంలో పిల్లలే ముందున్నారు, ఒంటి బరువుతో లెక్కేస్తే. పోటీ ముందు రోజు రాత్రి నువ్వు కుంభాలు కుంభాలు అన్నం లాగిస్తావే, అది వాళ్లకి అలవాటు చెయ్యకు.

ఇంకోటి, పిల్లలకి ఫ్యాట్ ఎక్కువ బర్న్ అవుతుందట కదా మా వాడు సన్నబడతాడా అని ఒక అమ్మ తప్పకుండా అడుగుతుంది. పరిగెత్తే అరగంటలో ఏది కాలిందన్నది వేరు, రోజు మొత్తం మీద ఎంత తిన్నాడు ఎంత తిరిగాడన్నది వేరు, బరువు తేల్చేది రెండోదే. మెల్లగా చెప్పు, వాడి ముందు చెప్పకు.

వయసొచ్చే కొద్దీ ఇదంతా మారిపోతుంది, కానీ బర్త్ సర్టిఫికెట్ చూసి మారదు. నీ బ్యాచ్‌లో పదమూడేళ్లోళ్లలో మీసం మొలిచి గొంతు మారినోడూ ఉన్నాడు, ఇంకా పాలబుగ్గలోడూ ఉన్నాడు, ఇద్దర్నీ ఒకే టైమింగ్‌తో కొలిస్తే చిన్నోడు ఏడ్చి మానేస్తాడు. గ్రూపులు మార్చు.

ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కొస్తా, మార్చిన ప్లాన్ కాగితం మీద రాసి ఉంచు, ఫోన్లో నాకు కనబడి చావదు. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య