డైరీలో పిల్లల మాటలు రాయి

చిరంజీవి శ్రావణికి,

నువ్వు పంపిన డైరీ పేజీలు చదివాను. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు అయిన ప్రతిసారీ కూర్చుని రాసుకుంటున్నందుకు సంతోషం. ఒకటి చెప్తాను, నొచ్చుకోకు. ఆ పేజీల నిండా ఉన్నది నువ్వే. 'బాగా వివరించాను', 'కొంచెం వేగంగా వెళ్లాను', 'అందరూ నవ్వారు'. విద్యార్థులు ఏం మాట్లాడారో ఒక్క ముక్క లేదు. మాట్లాడటం నేర్పే క్లాసులో చూసుకోవాల్సింది అదే కదా!

ఓ లెక్క వేసి చూడు. 50 నిమిషాల క్లాసు, 20 మంది. నువ్వు 30 నిమిషాలు మాట్లాడి, మిగతా 20లో ఒక్కొక్కరినీ లేపితే తలా ఒక్క నిమిషం. అదే 20 నిమిషాలు జంటలుగా కూర్చోబెడితే తలా 10 నిమిషాలు. గోల అవుతుంది, అవనీ. అందరి తప్పులూ నీ చెవిన పడవు, ఫర్వాలేదు.

జ్ఞాపకాన్ని నమ్మి డైరీ రాయకు. మనకు గుర్తుండేది బాగా మాట్లాడే ఆ ఇద్దరు ముగ్గురే. విద్యార్థులకు చెప్పి, వాళ్లు సరేనన్నాకే, ఫోన్‌లో క్లాసు రికార్డు చెయ్యి. మధ్యలో ఓ 10 నిమిషాలు వింటే చాలు. (మన గొంతు మనకే చిరాకు పుట్టిస్తుంది, మొదట్లో.) ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగావో చూడు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నాటికే సైన్సు క్లాసుల రికార్డింగులు విని ఇది పట్టుకుంది: టీచర్లు ఇంచుమించు ఒక్క సెకను ఆగి, జవాబు రాకపోతే తామే అందుకుంటున్నారు. 3 సెకన్లు ఆగడం నేర్చుకున్న చోట జవాబులు పొడవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. అది సైన్సు పాఠం. పరాయి భాషలో వాక్యం కూర్చుకోవాల్సినవాళ్లకు ఆ 3 సెకన్లు కూడా చాలకపోవచ్చు.

ఇక దిద్దడం. 'ఎస్టర్‌డే ఐ గో టు బ్యాంక్' అంటాడొకడు. నువ్వు 'ఓ, యూ వెంట్ టు ది బ్యాంక్!' అంటావు. అతను 'ఎస్ మేడమ్' అని ముందుకు పోతాడు. దిద్దాననుకుంటావు నువ్వు, మెచ్చుకున్నావనుకుంటాడు అతను. కెనడాలో ఫ్రెంచిలో పాఠాలు జరిగే బడి క్లాసులను పరిశీలించి రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో రాసింది కూడా ఇదే. టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ రకమే, విద్యార్థి తన మాట మార్చుకోవడం మాత్రం వీటి తర్వాతే అన్నిటికంటే తక్కువ. అందుకని 'ఎస్టర్‌డే ఐ...' అని అక్కడ ఆగు. రూపం తెలిసుంటే తనే 'వెంట్' అంటాడు. తెలియకపోతే చెప్పెయ్యి, పొడుపు కథలా సాగదీయకు.

మాట ఊపులో ఉన్నప్పుడు ఇది కూడా వద్దు. తప్పులు పుస్తకంలో రాసుకుని, చివరి 5 నిమిషాల్లో నాలుగైదు బోర్డు మీద పెట్టు, పేర్లు లేకుండా. వాటి మధ్య వాళ్లు చెప్పిన మంచి వాక్యాలు కూడా ఒకటి రెండు కలుపు.

నాకు అనుమానం తెప్పించిన పేజీ ఒకటుంది. 'ఈరోజు ఒక్కరూ తడుముకోలేదు' అని మురిసిపోయావు. తడుముకోరు మరి, అప్పజెప్పింది బట్టీ పట్టిన డైలాగు! అవతలివాళ్లు ఏమంటారో ముందే తెలిస్తే వినాల్సిన పనేముంది? ఒక రైళ్ల టైమ్‌టేబుల్‌ని రెండు కాగితాల మీద రాయి. దీంట్లో ఉన్న వేళలు దాంట్లో ఖాళీగా ఉంచు. కాగితాలు చూపించుకోకుండా అడిగి నింపుకోమను. తడబడతారు, 'సారీ? ఎగైన్?' అంటారు, మళ్లీ చెప్తారు. నేను ఆ గంటను మంచి క్లాసు అంటాను.

ధారాళంగా మాట్లాడించాలంటే పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 1989లో వివరించిన 4/3/2 పద్ధతి ఉంది. ఒకే విషయం, ముగ్గురు వేర్వేరు శ్రోతలకు, ముందు 4 నిమిషాల్లో, తర్వాత 3లో, ఆపైన 2లో చెప్పాలి. కొత్తవాళ్లకైతే నిమిషాలు తగ్గించుకో.

మాతృభాష మాట్లాడితే జరిమానా అన్న ఆలోచన మాత్రం మానుకో. దానివల్ల ఇంగ్లిష్ రాదు, ఉన్న మాటా పోతుంది.

ఇన్నాళ్లయినా నోరు తెరవని అమ్మాయి గురించి అడిగావు. అందరి ముందూ లేపకు. మాట్లాడే ముందు 2 నిమిషాలిచ్చి నాలుగు మాటలు రాసుకోనివ్వు, వాక్యాలు కాదు. తొందరపెట్టని జోడీ పక్కన వెయ్యి. ఆమె ఏమన్నా తప్పులతో సహా, తేదీ వేసి, ఉన్నదున్నట్టు రాసిపెట్టు. నెలాఖరుకి ఆ పేజీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య