శ్రీకాకుళంలో వేయించిన ర్యామ్‌పై పర్లాకిమిడిలో కేసు వేయొచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. 2012లో కొన్న ఇంటి కంప్యూటర్ మీద తెలుగు, ఒడియా శుభలేఖలు టైపు చేసి ఇస్తుంటాను. బాగా స్లో అయిందని మూడు వారాల కిందట సీపీయూను బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్లి, ‘దీనికి ఏది సరిపోతుందో చూసి ర్యామ్ పెంచండి’ అని ఒక షాపులో ఇచ్చాను. రెండు 1 జీబీ ర్యామ్ స్టిక్కులు తీసేసి రెండు 4 జీబీవి వేశారు. 2,800 రూపాయలు యూపీఐలో కట్టాను. ఇంటికొచ్చి చూస్తే 8 జీబీలో 3.25 మాత్రమే వాడకానికి వస్తుందని చూపిస్తోంది. పైగా రోజుకు రెండు మూడుసార్లు బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయిపోతోంది. అడిగితే ‘మీ బోర్డు (మదర్‌బోర్డు) పాతది, మేమేం చేస్తాం? అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని వాట్సాప్‌లో జవాబిచ్చారు. చేతికిచ్చింది ఒట్టి తెల్ల చీటీ. పాత స్టిక్కులు కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. కేసు వేయాలంటే శ్రీకాకుళం చుట్టూ తిరగాలా?

జవాబు: తిరగనక్కర్లేదమ్మా. 1986 నాటి పాత చట్టంలో షాపు ఉన్న చోటో, లావాదేవీ జరిగిన చోటో ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. అప్పట్లో సరిహద్దు అవతలి పాతపట్నం దాటి కొన్న వస్తువు పాడైతే మనవాళ్లు ‘పోనీలే’ అని ఊరుకునేవారు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ ఇబ్బంది తీసేసింది. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. షాపు వేరే రాష్ట్రంలో ఉన్నా అడ్డు కాదు. ఈ మార్పు సరిహద్దులో ఉన్న మనకు పనికొచ్చినంతగా ఇంకెవరికీ పనికిరాలేదని నా నమ్మకం.

ఇక అసలు విషయం. మీ కేసుకు ప్రాణం మీరు షాపులో చెప్పిన ఆ ఒక్క మాటలో ఉంది: ‘ఏది సరిపోతుందో చూసి వేయండి.’ 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ఏమంటుందంటే, కొనేవాడు తన అవసరమేమిటో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలి. బిల్లులో రాయకపోయినా అది షరతే. మీరే ఫలానా కంపెనీ స్టిక్ కావాలని పేరుపెట్టి అడిగి కొనుంటే నేనింత ధైర్యంగా చెప్పలేను. మీరు మెషీన్ మొత్తం వాళ్ల ముందు పెట్టారు. బోర్డు పాతదని వాళ్లకు ఆ రోజే కళ్లెదుట కనిపించింది. కాబట్టి ‘మీ బోర్డు పాతది’ అన్న జవాబు వాళ్లను కాపాడదు, మీకే సాక్ష్యమవుతుంది. ఆ మెసేజ్ డిలీట్ చేయకండి.

అయితే మీ రెండు ఫిర్యాదులనూ ఒకే గాటన కట్టకండి. 3.25 జీబీ చూపించడం స్టిక్ లోపం కాదు. మీ కంప్యూటర్‌లో ఉన్నది బహుశా పాత రకం 32 బిట్ విండోస్, అది 4 జీబీకి మించి వాడుకోలేదు, అందులోనూ కొంత వేరే భాగాలకు పోతుంది. 64 బిట్ విండోస్ వేస్తే ఇది సర్దుకోవచ్చు. ఆ సంగతి చెప్పకుండా 8 జీబీకి డబ్బు తీసుకోవడం సేవలో లోపమని వాదించవచ్చు. బ్లూ స్క్రీన్ సంగతి వేరు. సైడు డోరు తీసి, కరెంటు ప్లగ్గు పీకి, స్టిక్కును చూడండి. ఒకవైపు మాత్రమే ఎనిమిది చిప్పులున్నాయా, రెండు వైపులా కలిపి పదహారా? ఆ కాలపు బోర్డుల్లో కొన్నింటికి ఎనిమిది చిప్పుల 4 జీబీ స్టిక్ పడదు. ఫొటో తీసుకోండి. స్టిక్కర్ మాత్రం పీకకండి, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది. కంపెనీ వారంటీ అడగాలన్నా అదే ఆధారం. తర్వాత మెమ్‌టెస్ట్86 అనే ఉచిత పరీక్షను ఒక్కో స్టిక్ విడిగా పెట్టి రాత్రంతా నడపండి. తప్పులు కనిపిస్తే స్క్రీన్ ఫొటో తీయండి. ఒక్క తప్పూ రాకపోతే, తప్పు పవర్ సప్లైదో బోర్డుదో కావచ్చు. అలాంటప్పుడు స్టిక్కులు పాడైనవని ఫిర్యాదులో రాయొద్దు. కమిషన్ సరుకును ల్యాబ్‌కు పంపగలదు, ఆ ఖర్చు ముందుగా మీ చేత కట్టించవచ్చు కూడా.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అన్న మాటకు భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. సరైన బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. మీకు మూడు వారాలే అయింది కనుక, ఆ 30 రోజులు దాటకముందే డబ్బు వాపసు అడుగుతూ రాతపూర్వకంగా పంపండి. బిల్లు లేదన్న టెన్షన్ అక్కర్లేదు, యూపీఐ రికార్డు, చీటీ, వాట్సాప్ చాలు.

పాత స్టిక్కులు మీ ఆస్తి. రిపేరుకిచ్చిన వస్తువును జాగ్రత్తగా చూసి తిరిగివ్వాల్సిన బాధ్యత 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం షాపుదే. మార్పిడిలో తీసుకున్నామంటే, ఎంత తగ్గించారో చూపమనండి. అవి చేతికొస్తే మళ్లీ వేసి చూడండి. బ్లూ స్క్రీన్ ఆగిపోతే మీకు ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

శుభలేఖల పని చేస్తున్నారు కాబట్టి ‘ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు’ అని అవతలి వకీలు అనవచ్చు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే వాడుకుంటే చట్టం దాన్ని వాణిజ్య అవసరంగా చూడదు. ఫిర్యాదులో ఈ మాట స్పష్టంగా రాయండి.

2,800 కోసం నేరుగా కమిషన్‌కు వెళ్లమని నేను అనను. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. వాళ్లు ఆదేశాలివ్వలేరు, కానీ షాపుతో మాట్లాడతారు. దాంతోపాటే షాపుకు స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి: డబ్బు వాపసు, పాత స్టిక్కులు, సరైన బిల్లు. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. రెండేళ్ల వరకు గడువుంది. తెలుగు చీటీకి, వాట్సాప్ సంభాషణకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి.